తోడు అడగని ఇల్లు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 62 ఏళ్లు. నాగర్‌కర్నూల్ జిల్లాలో సర్కారు బడి టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ల కింద, బాబుకు ఆరేళ్లు, పాపకు మూడేళ్లు ఉన్నప్పుడు మా ఆయన పోయారు. అప్పటి నుంచి ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. అన్నదమ్ములు పొలంలో భాగమిస్తామన్నా వద్దన్నాను. పక్కింట్లో పెరుగుకు తోడు కూడా అడిగి ఎరగను. దేవుడే నా ఆధారం అనుకుని బతికాను. చర్చిలో స్త్రీల సమాజం నడిపాను. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు నేనే ఉండేదాన్ని. మూడు నెలల కింద బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాను గానీ స్నానం, బట్టలు, బాత్‌రూమ్ అన్నీ కోడలే చూస్తోంది. మంచి పిల్ల, ఒక్క మాట అనదు. అదే నాకు ఇంకా బాధ. స్నానం చేయించడానికి చంకల కింద చేతులు వేసి నన్ను లేపుతుంటే కళ్లు మూసుకుని ఏడుస్తాను. మా బాబుకు ఆ అమ్మాయితో పెళ్లి నా ఇష్టంతో జరగలేదు. ఆమె పుట్టింటివాళ్లు లేనివాళ్లు. 'మీ ఇంటి నుంచి మాకేమీ వద్దు' అని మొదట్లోనే చెప్పేశాను. పోయిన వారం వియ్యపురాలు కొల్లాపూర్ నుంచి బస్సులో జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు తెచ్చింది. తిరిగి ఒక చీర పెట్టి పంపడానికి కూడా లేవలేకపోయాను. మా పాస్టర్‌గారికి చెప్పుకుంటే, 'అది గర్వమమ్మా. దాన్ని విరవడానికే దేవుడు మిమ్మల్ని పడేశాడు' అన్నారు. నరులను ఆశ్రయించేవాడు శాపగ్రస్తుడని యిర్మీయా 17లో ఉంది కదా. మనుషుల్ని కాక దేవుణ్ణే నమ్ముకోవడం గర్వమా? ఇన్నేళ్లు నేను పడ్డ కష్టం దేవుని లెక్కలో ఏమీ కాదా?
— ఒక సహోదరి

జవాబు: చెల్లెమ్మా, వందనాలు. సంఘం పద్ధతిలో సహోదరీ అని మొదలుపెట్టాలి. కానీ నాకు 71, మీకు 62. చెల్లెమ్మా అంటేనే నాకు మాట సాగుతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెరుగు తోడు దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్లలో ఒక్క రోజైనా మీ ఇంట్లో పెరుగు గిన్నె ఖాళీ కాలేదా? అయ్యే ఉంటుంది. ఆ రాత్రి ఏం చేసేవారు? రేపు మజ్జిగ లేదని పిల్లలకు చెప్పి పడుకునేవారా? ఈ తోడు సంగతి మళ్లీ మాట్లాడతాను.

ముందు మీ పాస్టర్‌గారి మాట. గర్వం విరవడానికి దేవుడు మిమ్మల్ని బాత్‌రూమ్‌లో పడేశాడంటే నేను ఒప్పుకోను. తడిసిన నున్నటి బండలు, అరిగిన చెప్పులు, అరవై దాటిన ఎముకలు ఉంటే చాలు, ఎవరైనా పడతారు. నాది నల్గొండ జిల్లా. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లకు వాక్యం చెప్పడానికి ఏళ్ల తరబడి తిరిగాను. నేల కింది రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగి, ఆ నీళ్లే తాగి ఎముకలు వంగిపోయిన వాళ్లను మంచాల మీద చూశాను. వాళ్లలో చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే వంగిపోయిన వాళ్లున్నారు. ఆ పిల్లల ఏ గర్వాన్ని విరవడానికి దేవుడు ఆ నీళ్లు తాగించాడని చెప్పమంటారు? పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా, వీణ్ణి కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే, 'వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు' అన్నాడు ప్రభువు. యోబు కష్టాల్లో పడితే స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అంతవరకు బంగారం లాంటి స్నేహితులు. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడ్డారు. మంచం పట్టిన మనిషి దగ్గర కారణం చెప్పాలనే దురద మా బోధకులకు ఉంటుంది. నాకూ ఉండేది. ఆ మాట మీరు మోయకండి, విరిగిన తుంటి బరువు చాలు.

అలాగని మిమ్మల్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. మీరు పడిన కారణం పాస్టర్‌గారికి తెలియదు, నాకూ తెలియదు. కానీ పడిన తర్వాత మీకు కలుగుతున్న బాధలో ఆయన అన్నది కొంత ఉందేమోనని నాకు అనిపిస్తోంది. కొంతే. మిగతాది సిగ్గు, దుఃఖం, నొప్పి. అవి పాపాలు కావు. ఈ నాలుగూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టే మీకు ఊపిరాడటం లేదు.

మీరు యిర్మీయా 17వ అధ్యాయం ఐదో వచనం రాశారు. సగం రాశారు. పూర్తి వచనంలో 'నరులను ఆశ్రయించి శరీరులను తనకు ఆధారముగా చేసికొనుచు తన హృదయమును యెహోవామీదనుండి తొలగించుకొనువాడు శాపగ్రస్తుడు' అని ఉంటుంది. శాపమంతా ఆ చివరి ముక్కలో ఉంది. బబులోను మీదికి వస్తోందని యూదా రాజులు ఐగుప్తు, అంటే ఈజిప్టు, సైన్యం వైపు చూస్తున్న కాలం అది. ప్రవక్తను మండించింది ఆ చూపు. కోడలు పట్టుకుని లేపితే లేచే ముసలమ్మ గురించి ఆయన ఈ మాట అనలేదు.

ఎలా తెలుసంటారా? అదే పుస్తకం 38వ అధ్యాయం తీయండి. ఈ మాట రాసిన యిర్మీయానే అధిపతులు గోతిలో దింపారు. అందులో నీళ్లు లేవు, బురద ఉంది. ఆయన ఆ బురదలో దిగబడిపోయాడు. అప్పుడు రాజుగారి ఇంట్లో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషు దేశస్థుడు రాజు దగ్గరికి వెళ్లి మాట్లాడి, ముప్పై మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చేముందు రాజు ఖజానా కింది గదిలోంచి పాత చింకిపాతలు, చిరిగిన బట్టలు ఏరుకొచ్చాడు. వాటిని తాళ్లతో గోతిలోకి దింపి, వీటిని నీ చంకల కింద, తాళ్లకు అడ్డుగా పెట్టుకో అని పైనుంచి చెప్పాడు. నేను ఎన్నిసార్లు చదివినా ఆ గుడ్డల దగ్గర నా గొంతు పట్టుకుంటుంది. తాడు వేసి లాగేవాళ్లు దొరుకుతారు. తాడు ఒరుసుకుంటుందని ముందే ఆలోచించేవాళ్లు ఎంతమంది? పైగా వాడు పరదేశి, నౌకరు. అతని సహాయాన్ని యిర్మీయా తోసిపుచ్చలేదు. నరులను ఆశ్రయించకూడదని నేనే ప్రవచించాను, దేవుడే నన్ను లాగాలి అని కూర్చోలేదు. 'యిర్మీయా ఆలాగు చేసెను' అని ఉంది, అంతే. చంకల కింద గుడ్డలు పెట్టుకున్నాడు, పైకి వచ్చాడు.

మీ ఉత్తరంలో చంకల కింద చేతులు అన్న మాట చదవగానే నాకు ఈ గోయే గుర్తొచ్చింది. దేవుడు యిర్మీయాను ఆదుకున్నాడా, ఎబెద్మెలెకు ఆదుకున్నాడా అని బైబిల్లో ఎవరూ వేరు చేసి అడగరు. మీరు మాత్రం వేరు చేస్తున్నారు. దేవుని చెయ్యి ఒకటి, కోడలి చెయ్యి ఇంకొకటి అనుకుంటున్నారు.

ఇక మీ రెండో ప్రశ్న, ఇన్నేళ్ల కష్టం. దీనికి బోధకుడి కంటే మీ పాలమూరు రైతు బాగా జవాబు చెబుతాడు. వర్షాధారం అన్న మాట ఆయన నోట్లో రోజూ ఆడుతుంది. మృగశిర కార్తె దగ్గర పడిందంటే వర్షాధారపు చేను ఉన్న రైతు మబ్బు చూస్తూ మంచం మీద కూర్చోడు. దున్నుతాడు, అప్పో సప్పో చేసి విత్తనాలు తెస్తాడు, గుంటుక తోలుతాడు, కలుపు తీయిస్తాడు. ఇంత చేసినా ఆ చేనును ఏమంటాడు? వర్షాధారం అనే అంటాడు. ఆధారం అన్నందుకు తన చెమట తక్కువైందని ఏ రైతూ అనుకోడు. ద్వితీయోపదేశకాండం 11లో మోషే ఇశ్రాయేలీయులకు ఇదే చెప్పాడు. ఐగుప్తులో మీరు కూరతోటకు కట్టినట్టు కాలితో నీళ్లు కట్టుకున్నారు, ఇప్పుడు వెళ్లే దేశం అలాంటిది కాదు, అది ఆకాశవర్షజలము త్రాగును అన్నాడు. కాలువ దేశం నుంచి వాన దేశానికి తీసుకుపోవడాన్ని వాగ్దానం అన్నాడు చూడండి. మన నల్గొండ, పాలమూరు వాళ్లకు ఇది విచిత్రంగానే వినిపిస్తుంది. మనం దశాబ్దాలుగా కాలువ కోసమే కదా కొట్లాడుతున్నాం.

కాబట్టి మీ కష్టం దేవుని లెక్కలో ఉంది. దున్నింది మీరే. కానీ నేనొకటి అడుగుతాను, కోప్పడకండి. మీరు బడికి వెళ్లినప్పుడు ఆ మూడేళ్ల పిల్లను ఎవరు చూసుకున్నారు? ఉత్తరంలో లేదు. ఎవరో ఒకరు చూసే ఉంటారు. పక్కింటి అవ్వో, చిన్నమ్మో, బడిలో ఆయమ్మో. పిల్లకు జ్వరం వచ్చిన రోజు మీ క్లాసు ఎవరు తీసుకున్నారు? మీరు అడగలేదు, నిజమే. అడగకుండానే వాన పడింది. 'నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?' అని పౌలు కొరింథువాళ్లను అడిగాడు. తిట్టినట్టు ఉంటుంది గానీ, నెమ్మదిగా కూర్చుని జవాబు రాసుకుంటే అదొక ధ్యానం. ఒక నోటుబుక్కు తీసుకుని ఆ ముప్పై ఏళ్లలో మీ ఇంటికి వచ్చిన చేతుల పేర్లు రాయండి. టీచర్‌గారు కదా, అటెండెన్సు వేయడం మీకు అలవాటే.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. పదమూడేళ్ల కింద వానాకాలంలో బస్సు దిగుతూ పడి నా కుడి మణికట్టు విరిగింది. మోచేయి దాకా పిండికట్టు వేశారు. మా ఆవిడ మా అమ్మాయి కాన్పుకని హైదరాబాద్‌లో ఉంది. చర్చి ఊడ్చి, గంట కొట్టే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. అయినా నేను ఆయన్ను ఒరేయ్ అనేవాణ్ణి, అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఆయన పొద్దున్నే వచ్చి నా చొక్కా గుండీలు పెట్టేవాడు. ఆ వేళ్లకు చీపురు పుల్లల గీతలుండేవి, కాలరు గుండీ దగ్గర అవి నా గొంతుకు తగిలేవి. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడేవాణ్ణి. మధ్యాహ్నం పప్పన్నం కలిపి నోట్లో పెట్టేవాడు. పెద్ద పెద్ద ముద్దలు, తన అలవాటు ప్రకారం. మొదటి రోజు నేను, చిన్న ముద్ద పెట్టు, ఉప్పు సరిగా కలపలేదు, నీళ్లు ముందు ఇవ్వు అని ఒకటే ఆర్డర్లు. మూడో రోజు ఆయన చెయ్యి ఆపి, నవ్వుతూ అన్నాడు: "అయ్యగారూ, తినేటోళ్లు కొలతలు చెప్పొద్దు."

అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా గుడ్ ఫ్రైడే ముందు రోజు, ప్రతి పెద్ద గురువారం, యోహాను సువార్త 13వ అధ్యాయం మీద ప్రసంగం చేసినవాణ్ణి నేను. పాదాలు కడిగే ప్రభువు గురించి చెప్పి జనాన్ని ఏడిపించినవాణ్ణి. ప్రతి ఏడూ నన్ను నేను ఆ కథలో ఎక్కడ పెట్టుకున్నానంటే, చెంబు పట్టుకున్న ప్రభువు పక్కన. మనం కూడా ఇలా కడగాలి అని చెప్పేవాణ్ణి. కడిగించుకునే వాడి వైపు ఒక్క ఏడాది కూడా కూర్చోలేదు. ఆ పప్పన్నం ముద్ద నోట్లో ఉండగా నాకు ప్రభువు శిష్యుడు పేతురు అర్థమయ్యాడు.

పేతురును చూడండి. 'నీవెన్నడును నా పాదములు కడుగరాదు' అన్నాడు. వినడానికి ఎంత వినయం! మన సంఘాల్లో అయితే ఆమెన్ అంటారు. ప్రభువు మాత్రం, 'నేను నిన్ను కడుగని యెడల నాతో నీకు పాలు లేదు' అని కొట్టేశాడు. అప్పుడైనా ఊరుకున్నాడా? 'నా పాదములు మాత్రమేగాక నా చేతులు నా తల కూడ కడుగుము' అన్నాడు. ముందు వద్దన్నాడు, తర్వాత కొలత చెప్పాడు. కాళ్లు చాపి ఊరికే కూర్చోవడం ఒక్కటే ఆయనకు చేతకాలేదు. నా చర్చి పెద్దమనిషి ఆ గదిలో ఉంటే అదే మాట అనేవాడు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. శిష్యుల పాదాలు కడగడానికి కొన్ని రోజుల ముందే, 12వ అధ్యాయంలో, బేతనియలో మరియ ప్రభువు పాదాలకు అత్తరు పూసి తన తలవెంట్రుకలతో తుడిచింది. ఇల్లంతా వాసన. అందరి ముందూ. పక్కన ఒకడు ఖర్చు లెక్కలు కడుతున్నాడు. ప్రభువు కాళ్లు వెనక్కి తీసుకోలేదు, ఆమెను చేయనివ్వండి అన్నాడు. ముందు తన పాదాలు ఇచ్చి, తర్వాత ఇతరుల పాదాలు పట్టుకున్నాడు. సమరయ స్త్రీని దాహానికి నీళ్లు అడిగాడు. ఊరేగింపుకు గాడిద పిల్ల అరువు, 'అది ప్రభువునకు కావలసియున్నది' అని చెప్పి తెమ్మన్నాడు. కడరాత్రి భోజనానికి గది ఇంకొకరిది, సమాధి ఇంకొకరిది. ఊరూరా తిరుగుతుంటే ఖర్చులకు కొందరు స్త్రీలు తమ ఆస్తిలోంచి ఇచ్చేవాళ్లని లూకా రాశాడు. చెయ్యి చాపకపోవడమే దైవభక్తి అయితే, చెల్లెమ్మా, ప్రభువుకంటే మీరే ఎక్కువ భక్తిపరులు.

వెటకారం కాదు. ఇక్కడే మన చిక్కు ఉందని చెబుతున్నాను. ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైన ఉంటుంది. మీరు చావులకూ పెళ్లిళ్లకూ ముందు వెళ్లారు, వండారు, పెట్టారు. అందులో ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ తిరిగి ఎవరూ పెట్టకుండా చూసుకున్నారు కూడా. వియ్యపురాలు తెచ్చిన పుంటికూర పప్పు రుచి గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, తిరిగి పెట్టలేకపోయిన చీర గురించి ఉంది. కొల్లాపూర్ నుంచి సంచి పట్టుకుని బస్సెక్కి వచ్చిన ఆ తల్లి చీర కోసం రాలేదు. 'మీ ఇంటి నుంచి మాకేమీ వద్దు' అన్న మాట కట్నం అడగనందుకు గొప్పదే. అదే మాట లేనివాళ్లకు ఇంకోలా వినబడుతుంది: మీ దగ్గర మాకు పనికొచ్చేది ఏమీ లేదు అని.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. దానికి వెళ్లిన కొద్దిమంది భారతీయుల్లో వి.ఎస్. అజరయ్య ఒకరు. రెండేళ్లకు మన దోర్నకల్‌కు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆ సభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి ఆయన చెప్పిన మాటల సారం ఇది: మీరు బీదలకు మీ ఆస్తి పంచారు, మీ శరీరాలను కాల్చబడడానికి కూడా అప్పగించారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి. ఆసుపత్రులు, బడులు కట్టిన వాళ్లతో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! మా నల్గొండకు కూడా 1890లో రష్యా నుంచి అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు వచ్చారు, మెన్నోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ వాళ్లలో ఈ దేశానికి మొదట వచ్చినవాళ్లు. వాళ్లను తప్పుబట్టడం లేదు. అజరయ్యగారు అడిగింది వేరు. ఇవ్వడం ఒక్కటే అలవాటైన వాళ్లతో స్నేహం కుదరదు, ఎందుకంటే స్నేహంలో అవతలివాడి చెయ్యి కూడా ఒకసారి పైకి రావాలి. మీ కోడలికి మీ ఇంట్లో ఆ అవకాశం మొదటిసారి ఇప్పుడు వచ్చింది.

'ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు' అని కొండమీద ప్రసంగం మొదలవుతుంది. దీనులు అన్నచోట గ్రీకులో ఉన్న మాట ప్తోఖోస్. కూలి చేసుకుని గంజి తాగే బీదవాడికి ఆ భాషలో ఇంకో మాట ఉంది. ఈ ప్తోఖోస్ ఏమీ లేక, ఇస్తేనే తినే మనిషి. మీరు, నేను, మన టీచర్లు, పాస్టర్లు అందరం ఆ మొదటి రకం బీదతనాన్ని దీనత్వం అనుకుంటాం. ఉన్నదాంట్లో సర్దుకున్నాం, ఎవరినీ అడగలేదు, తల వంచుకుని బతికాం అంటాం. మంచిదే, కానీ ప్రభువు చెప్పింది దానికి ఇంకో మెట్టు కింద ఉంది. సంఘాన్ని సంస్కరించిన మార్టిన్ లూథర్ 1546 ఫిబ్రవరిలో చనిపోయాక ఆయన దగ్గర ఒక చీటీ దొరికింది. చివరి మాటలు: మనం బిచ్చగాళ్లం, ఇది నిజం. అన్ని పుస్తకాలు రాసి, బైబిలు మొత్తం జర్మన్‌లోకి తిప్పిన మనిషి అక్కడ ఆగాడు.

మన చర్చిల్లో నేను పురుగును, ధూళిని, ఏమీ లేనివాణ్ణి అని మైకులో చెప్పుకునే వినయం ఒకటి ఉంది. అది విని విసిగిపోయాను. దాన్ని మీ నుంచి అడగడం లేదు. ధూళిని అనేవాణ్ణి కుర్చీ మార్చుకోమని అడిగి చూడండి, తెలుస్తుంది.

ఇక కోడలు. అత్తాకోడళ్ల విషయంలో బైబిల్లో అత్త నయోమి, కోడలు రూతు ఉన్నారని మీకు నేను చెప్పక్కర్లేదు, స్త్రీల సమాజంలో ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. ఎప్పుడూ రూతు వైపు నుంచే చెబుతాం. నయోమి వైపు నుంచి చూడండి. భర్తనూ కొడుకులనూ పోగొట్టుకుని సొంతూరికి తిరిగి వచ్చింది. 'నేను సమృద్ధిగలదాననై వెళ్లితిని, యెహోవా నన్ను రిక్తురాలినిగా తిరిగి రాజేసెను' అని ఊరి ఆడవాళ్ల ముందు ఏడ్చింది. అప్పుడు పక్కనే రూతు నిలబడి ఉంది! ఇంత పెద్ద పిల్ల పక్కన ఉంటే చేతులు ఖాళీ అంది. పరుల చేలో ఏరుకొచ్చిన యవలు ఆ పిల్ల తెచ్చి ముందు పెడితే తింది, అలా నెమ్మదిగా మారింది. చివరికి నీ కోడలు ఏడుగురు కొడుకులకంటే ఎక్కువ అని ఊరి ఆడవాళ్లే చెప్పాల్సి వచ్చింది, నయోమి నోట ఆ మాట రాలేదు. మీ కోడలి గురించి మీరు రాశారు: మంచి పిల్ల, ఒక్క మాట అనదు. ఆ మాట నాకు రాశారు. ఆ అమ్మాయికి చెప్పారా?

ఇప్పుడు స్నానం సంగతి. సిగ్గును గర్వం లెక్కలో వేయకండి. ఒళ్లు కప్పుకోవాలనుకోవడం మనిషి మర్యాద, దాన్ని చంపుకోమని దేవుడు అడగలేదు. పాత నైటీ ఒకటి ముందు భాగం కోసి గుండీలు పెట్టించండి, ఒంటి మీద అది ఉండగానే నీళ్లు పోయించుకోవచ్చు. ఎత్తు పీట కాకుండా చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేయించుకోండి. మీ చేతికి అందినంత మీరే రుద్దుకోండి, వీపు, కాళ్లు ఆ అమ్మాయికి వదిలేయండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించమని మీ అబ్బాయికి చెప్పండి, ఆ నున్నటి బండల మీద రబ్బరు పట్టా వేయించండి. చెయ్యగలిగింది చేయడం, చేయలేనిది చేయించుకోవడం, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. డాక్టర్ చెప్పిన ఎక్సర్‌సైజులు మానకండి. వాకర్ ఎప్పుడు వదలాలో ఆయన్నే అడగండి, పట్టుదలకు పోయి ముందే వదిలేయకండి. మీ గురించి ఆ ఒక్క భయం నాకుంది.

ఇంకోటి. స్నానం చేయిస్తున్నప్పుడు కళ్లు మూసుకుంటున్నారని రాశారు. ఆ పిల్ల దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో ఆలోచించారా? మీకు ఇష్టం లేని పెళ్లితో మీ ఇంటికి వచ్చిన పిల్ల. తన చెయ్యి తగిలితే అత్త కళ్లు మూసుకుంటోంది. నేను క్యాలెండర్ చూస్తూ నిలబడ్డ రోజులు గుర్తొచ్చి చెబుతున్నాను. కళ్లు తెరవండి. ఏడుపొస్తే తెరిచిన కళ్లతో ఏడవండి, సబ్బు పడిందనుకుంటుంది లేదా నిజం అర్థం చేసుకుంటుంది, ఏదైనా ఫరవాలేదు. నీళ్లు ఎక్కువ వేడిగా ఉంటే చెప్పండి. మిగతా కొలతలు చెప్పకండి.

పేతురుకు ప్రభువు చెప్పిన చివరి మాటల్లో ఒకటి ఉంది: చిన్నప్పుడు నీ నడుము నువ్వే కట్టుకుని ఇష్టమైన చోటికి వెళ్లావు, 'నీవు ముసలివాడవైనప్పుడు నీ చేతులు నీవు చాచుదువు, వేరొకడు నీ నడుము కట్టి' నిన్ను మోసుకుపోతాడు అని. అది పేతురు ఎలా చనిపోతాడో చెప్పిన మాట అని యోహాను వెంటనే రాశాడు, నేను దాన్ని సాగదీయను. కానీ డెబ్బై దాటాక ఆ వచనం చదివితే ముందు చేతులు చాచడమే కనబడుతుంది. ఆ మాట చెప్పి ప్రభువు 'నన్ను వెంబడించుము' అన్నాడు. కాళ్లు ఆడని మనిషి కూడా వెంబడించవచ్చన్నమాట.

మీ ప్రార్థన మార్చుకోమని చెప్పను. నీవే నా ఆధారం అనే అనండి. అన్నాక లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక నిమిషం వినండి.

ఇక తోడు. వియ్యపురాలు మళ్లీ వస్తే చీర సంగతి ఎత్తకండి. రొట్టె తిని ఇంకొకటి అడగండి. అంతకంటే ముందు, రేపు సాయంత్రం పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక, కోడల్ని పిలిచి చిన్న గిన్నె ఇచ్చి పక్కింటికి పంపండి. మీ ఇంట్లో పెరుగు ఉన్నా సరే. అత్తమ్మ తోడు అడుగుతోందని చెప్పమనండి.